అర్సెలకు ఆ దుకాణం, బచ్చాలకు మన పొయ్యి: నల్లగొండలో ఒక పిండివంటల దుకాణం

నల్లగొండలో మా ఇంటికి నాలుగు వీధుల అవతల ఉన్న పిండివంటల దుకాణంలో మూడేళ్లుగా సంక్రాంతికి, ఉగాదికి, బతుకమ్మకు తీపివంటలు చేయించుకుంటున్నాను. ఇన్ని పండుగల తర్వాత ఆ దుకాణంలో ఏది నమ్మి తెచ్చుకోవచ్చో, ఏది తెచ్చుకోకూడదో చెప్పగలననిపించి ఈ సమీక్ష రాస్తున్నాను. దుకాణం పేరు మాత్రం రాయడం లేదు. పేరు వేయవద్దని దాన్ని నడిపే ఆవిడ నా దగ్గర మాట తీసుకున్నారు. ఒప్పుకున్న ఆర్డర్లు తెమల్చడానికే పండుగ ముందు నాలుగు రాత్రులు నిద్ర ఉండడం లేదని, ఇంకా జనం పెరిగితే చేతి పని చెడిపోతుందని ఆమె భయం. ఆ భయంలో ఎంత నిజముందో గత దసరాకు నా కళ్లతో చూశాను కనుక ఆ మాట నిలబెడుతున్నాను. ఇలాంటి దుకాణాలు ఇప్పుడు మిర్యాలగూడలో, సూర్యాపేటలో, పాలమూరులో, వనపర్తిలో కూడా కనిపిస్తున్నాయి. ఇక్కడ నేను చెప్పే పరీక్షలు అక్కడా పనికివస్తాయని నా నమ్మకం.

ఇది మిఠాయి దుకాణం కాదు. అద్దాల బీరువాల్లో కలాకండ్, మోతీచూర్ లడ్డూ వరుసలుగా పేర్చి పెట్టే చోట దొరికేది వేరు, ఇక్కడ దొరికేది వేరు. ఒక పాత ఇంటి ముందు గదిలో తక్కెడ, నాలుగు డబ్బాలు, ఒక చీటీల పుస్తకం ఉంటాయి. వెనుక రేకుల షెడ్డులో రెండు కట్టెల పొయ్యిలు, ఒక గ్యాస్ పొయ్యి ఉంటాయి. మామూలు రోజుల్లో ఐదుగురు ఆడవాళ్లు, పండుగ రోజుల్లో పది పన్నెండు మంది పనిచేస్తారు. అడగగానే చేతికి వచ్చేవి సకినాలు, కారప్పూస, పల్లిపట్టీలు, నువ్వుల ముద్దలు మాత్రమే. మిగిలినవన్నీ ముందుగా చీటీ రాయించి, సగం డబ్బు కట్టి, చెప్పిన రోజున వెళ్లి తెచ్చుకోవలసినవి. సంక్రాంతి ఆర్డర్లు భోగికి వారం ముందే ఆపేస్తారు. ఆ తర్వాత ఎవరు ఎంత బతిమాలినా తీసుకోరు.

నా రుచి ఎక్కడిదో కూడా చెప్పాలి. నా పుట్టిల్లు మక్తల్ వైపు, ఒకప్పటి పాలమూరు జిల్లాలో, 2019 నుంచి నారాయణపేట జిల్లాలో ఉన్న ఊరు. కృష్ణ దాటితే కర్ణాటక. మా వైపు బచ్చం, అంటే కోస్తా వాళ్ల బొబ్బట్టు, కాగితమంత పలుచగా ఉండాలి, శనగపప్పు ఉడికించిన నీటితో కాచిన చారు పక్కన ఉండాలి, లేకపోతే అది ఉగాది కాదు. అత్తగారిల్లు నల్లగొండ. ఇక్కడ సంక్రాంతి అర్సెల మీద నడుస్తుంది. మా అత్తమ్మ ఎనభై ఏళ్లు దాటేదాకా ఇంట్లోనే బియ్యం నానబోసి, దంచించి, పాకం పట్టి ఐదు కిలోల అర్సెలు చేసేది. ఆమె చేతులు వణకడం మొదలయ్యాక, నాకు ఉద్యోగం వల్ల రెండు రోజులు ఇంట్లో కూర్చునే వీలు లేక, మొదటిసారి బయటి అర్సెలు మా ఇంట్లోకి వచ్చాయి. ఆ రోజు ఆమె ఏమీ అనకుండా ఒక అర్సెను రెండుగా తుంచి, తుంచిన చోట వెలుతురుకు పెట్టి చూసింది. నేను ఈ దుకాణాన్ని తూచే తక్కెడ ఆ చూపే.

అర్సె తుంచితే లోపల సన్నని గూళ్లు కనిపించాలి, పొర పొరగా సాగి తెగాలి. పిండిముద్దలా దగ్గరగా ఉంటే పాకం ముదిరిందని, పొడిపొడిగా రాలితే పిండి ఎక్కువైందని అర్థం. ఈ దుకాణం అర్సె మూడు సంక్రాంతులూ ఈ పరీక్షలో నెగ్గింది. ఎందుకు నెగ్గిందో తెలుసుకోవాలనిపించి రెండో ఏడాది అడిగి మరీ వెనుక షెడ్డులోకి వెళ్లి, ఒక వాయి మొదటి నుంచి చివరి దాకా నిలబడి చూశాను.

బియ్యం ఒక పగలు, ఒక రాత్రి నానుతుంది, మధ్యలో రెండుసార్లు నీళ్లు మారుస్తారు. వడగట్టిన బియ్యాన్ని గుడ్డ మీద ఆరబోస్తారు కానీ ఎండనివ్వరు. చేత్తో పిడికిలి పట్టి వదిలితే ముద్ద నిలవాలి, అరచేతికి నీళ్లు అంటకూడదు. ఆ తడి మీదనే మర పట్టించి, జల్లించి, పిండి ఆరిపోకుండా గట్టిగా అదిమి తడి గుడ్డ కప్పుతారు. పొడి బియ్యప్పిండితో అర్సెలు చేసే దుకాణాలు ఉన్నాయి. అవి చూడటానికి ఇలాగే ఉంటాయి కానీ, మూడో రోజుకు గట్టిపడి చెక్కబిళ్లలవుతాయి. ఈ ఒక్క తడిపిండి పనికే ఒకటిన్నర రోజు పడుతుంది. ఇంటి వంటలో మనకు కుదరనిది ఇదే, ఈ దుకాణానికి నేను నిజంగా డబ్బు కట్టేదీ దీనికే.

ఆ తర్వాత పాకం. కిలో బియ్యానికి దాదాపు ముప్పావు కిలో బెల్లం లెక్కన, తగినన్ని నీళ్లు పోసి కరిగించి, ఇసుక, నలక లేకుండా వడగట్టి మళ్లీ పొయ్యి మీద పెట్టారు. పాకం చూసే ఆవిడకు అరవై ఏళ్లుంటాయి, పక్కన నీళ్లు పోసిన స్టీలు పళ్లెం పెట్టుకుంది. గంటెతో రెండు చుక్కలు పళ్లెంలో వేసి వేలితో దగ్గరికి తీసింది. మొదటిసారి చుక్క నీళ్లలో పొగలా చెదిరిపోయింది. రెండోసారి దగ్గరికి వచ్చింది కానీ వేళ్ల మధ్య జారింది. మూడోసారి మెత్తని ఉండ అయింది, పళ్లెం వంచినా ఆకారం చెడలేదు. అప్పుడే, ఇంకో మాటకు తావు లేకుండా మూకుడు దింపించింది. నేను గడియారం చూస్తుండటం గమనించి ఆమె అన్న మాట నాకు అలాగే గుర్తుంది. "ఒక్క నిమిషం ముందు దింపినా అర్సె నూనెల విప్పుకుంటదక్కా, ఒక్క నిమిషం ఆగినా రాయి అయితది. గడియారం చూసి దింపేది కాదిది, పళ్లెం చూసి దింపాలె."

దింపిన పాకంలో ఒకరు పిండి వదులుతుంటే ఇంకొకరు ఉండ కట్టకుండా తెడ్డుతో కలియబెట్టారు. నెయ్యి, యాలకుల పొడి, వేయించిన నువ్వులు చివర వేశారు. ఆ చలిమిడి గోరువెచ్చగా ఉండగానే నిమ్మకాయంత ఉండలు చేసి, నూనె రాసిన ఆకు మీద వేళ్లతో తట్టి, పల్లి నూనెలో వదిలారు. ఒక్కో వాయిలో ఆరు మించి వేయలేదు. పొంగి ఎర్రబడగానే జాలిగంటెతో తీసి, రెండు చెక్కల మధ్య పెట్టి నొక్కారు. ఆ నొక్కుడు దగ్గరే చాలా దుకాణాల్లో తేడా వస్తుంది. త్వరగా తెమలాలని పైపైన నొక్కితే నూనె అర్సెలోనే మిగిలిపోతుంది, నాలుగో రోజుకు కనరు వాసన కొడుతుంది. ఇంటికి తెచ్చిన అర్సెల్లో ఒకదాన్ని తెల్ల కాగితం మీద రాత్రంతా ఉంచి చూశాను. ఉదయానికి అర్సె చుట్టూ వేలెడు వెడల్పు కూడా మరక పడలేదు. వంటింటి తక్కెడ మీద తూచితే కిలోకు ఇరవై మూడు, ఇరవై నాలుగు వచ్చాయి, అంటే ఒక్కొక్కటి నలభై గ్రాములకు కొంచెం పైన. మూడేళ్లలో ఈ లెక్క పెద్దగా మారలేదు. ధర పెంచకుండా అర్సెను చిన్నది చేయడం కొనేవాళ్లకు కనపడని పని. ఆ పని ఇక్కడ జరగలేదు. ధర పెంచవలసి వచ్చినప్పుడు పెంచామని చెప్పి పెంచారు.

నూనెలో చేసిన బెల్లం అర్సెలు మొన్నటి సంక్రాంతికి కిలో 460 రూపాయలు, నేతిలో చేసినవి 720 రూపాయలు. నా మాట వింటే నూనెవే తీసుకోండి. నేతి అర్సె వేడి మీద ఎంత ఘుమఘుమలాడినా, చలికాలంలో చల్లారాక పైన నెయ్యి పేరుకొని నాలుకకు అంటుతుంది, బెల్లం రుచిని మూసేస్తుంది. పల్లి నూనెలో వేగినది పదో రోజున కూడా బెల్లం వాసనతోనే ఉంది. మా అత్తమ్మ సంక్రాంతి వెళ్లాక పన్నెండో రోజున చివరి అర్సెను పాలలో నానబెట్టుకొని తిన్నది. ఆమె ఇచ్చే మెప్పు అంతకు మించి ఉండదు.

బియ్యం గురించి ఒక మాట. మా ఇళ్లలో అర్సెలకు, సకినాలకు దొడ్డు బియ్యమే వాడేవారు, అది రేషన్ దుకాణం నుంచి వచ్చేది. 2025 ఉగాది నాడు హుజూర్‌నగర్‌లో మొదలుపెట్టి రేషన్‌లో సన్నబియ్యం ఇవ్వడం వల్ల పేదింట్లో రోజూ తినే అన్నం బాగుపడింది, అది సంతోషించవలసిన విషయం. కానీ పిండివంటలకు దొడ్డు బియ్యం ఇప్పుడు విడిగా వెతికి కొనుక్కోవలసి వస్తున్నది. ఈ దుకాణం వారు మిర్యాలగూడ మిల్లు నుంచి బస్తాల లెక్కన తెప్పించుకుంటున్నారు. ఆ బస్తా విప్పి చూపించమంటే చూపించారు. పాత బియ్యం, కొత్త బియ్యం కలపకుండా ఒకే రకం వాడతారని, నానే వేళ మారితే పాకం లెక్క కూడా మారిపోతుందని అక్కడి వాళ్లే చెప్పారు.

బెల్లం రంగు చూసి భయపడవద్దు. ఇక్కడి అర్సెలు, నువ్వుల ముద్దలు ముదురు గోధుమ రంగులో, కొన్నిసార్లు నల్లగా కూడా ఉంటాయి. మొదటిసారి తెచ్చినప్పుడు మా ఆడబిడ్డ మాడిపోయాయేమో అన్నది. పసుపుపచ్చగా మెరిసే బెల్లాన్ని కొనేవాళ్లు అడుగుతారు కనుకనే కొన్నిచోట్ల కాచేటప్పుడు హైడ్రోస్ అని పిలిచే సోడియం హైడ్రోసల్ఫైట్ వేసి రంగు తేలుస్తారు. ఆ బెల్లంతో వంట అందంగా ఉంటుంది కానీ రుచి చప్పబడుతుంది. నల్లబెల్లం అర్సెలో తీపి వెనుక ఒక చిన్న వగరు, చెరకు వాసన ఉంటాయి. దేవుడి ముందు పెట్టే దానికి రంగు కన్నా ఆ వాసనే ముఖ్యమని నేను అనుకుంటాను.

నువ్వుల ముద్దలు ఈ దుకాణం చేసే వాటిలో రెండో మంచి వంట. రెండు రకాలు చేస్తారు. ఒకటి వేయించిన నువ్వులు, బెల్లం రోట్లో వేసి నూనె కారేదాకా దంచి ముద్ద చేసేది, ఇంకొకటి పాకంలో కట్టేది. పాకంలో కట్టినవి గట్టిగా ఉండి నెలరోజులు ఆగుతాయి, పిల్లల డబ్బాల్లోకి పనికివస్తాయి. దంచినవి మెత్తగా ఉండి వారం లోపల తినవలసినవి, పళ్లు లేని వాళ్లు కూడా తినగలిగేవి. నువ్వులు కొద్ది కొద్దిగా వేయించడం వల్ల ఎక్కడా చేదు తగలలేదు. సంక్రాంతి నోములకు పదమూడు చొప్పున ఒకే తీరుగా కావాలని అడిగితే, తూచి కట్టి, లెక్కపెట్టి, మోదుగాకు దొప్పల్లో పెట్టి ఇచ్చారు. చేయి కాలే పాకాన్ని అంత సమానంగా ఉండలు కట్టడం తేలిక కాదు. కడుతున్న అమ్మాయి ప్రతి ఉండకూ ముందు అరచేతిని చన్నీళ్లలో ముంచి తీస్తూ ఉండటం చూశాను.

గరిజెలు పరవాలేదు. కోస్తా వైపు కజ్జికాయలు అనే ఈ వంటలో పుట్నాల పొడి, ఎండుకొబ్బరి, చక్కెర సరిపాళ్లలోనే వేశారు కానీ, అచ్చులో పెట్టి ఒత్తడం వల్ల అంచు పలుచబడి కొన్ని నూనెలోనే విచ్చుకుంటున్నాయి. చేత్తో మెలిక వేసిన అంచు కావాలంటే కిలోకు నలభై రూపాయలు ఎక్కువ తీసుకుంటారు, ఆ నలభై ఇవ్వడం మంచిది. సకినాలు తీపివంట కాదు కనుక వాటి గురించి ఎక్కువ చెప్పను. నువ్వులు, వాము తగినంత ఉన్నాయి, చుట్టలు విరగకుండా వచ్చాయి, ఉప్పు ఒక పిసరు తక్కువైంది.

ఇక బచ్చాల దగ్గరికి వస్తే నా మెప్పు ఆగిపోతుంది. మొన్నటి ఉగాదికి ముప్పై బచ్చాలు రాయించాను, ఒక్కొక్కటి 25 రూపాయలు. ఉదయం ఏడింటికి వెళ్లి తెచ్చాను. చూడటానికి గుండ్రంగా, ఒకే కొలతలో ఉన్నాయి. పూర్ణంలో శనగపప్పు మెత్తగా రుబ్బారు, యాలకులు, జాజికాయ వేశారు, తీపి సరిపోయింది. అయినా నోట్లో పెట్టుకోగానే పైపొర తోలులా సాగింది. ఉగాది పచ్చడి తర్వాత మా అత్తమ్మ ఒక ముక్క నెయ్యి వేసుకొని తిని, "పూర్ణం మంచిగనే ఉన్నది బిడ్డా, కాని ఇది రాత్రిది" అన్నది. అడిగితే అది నిజమే అయింది. ఆరు వందల బచ్చాలు తెల్లవారేసరికి ఇవ్వాలంటే రాత్రి పదింటికి మొదలుపెట్టక తప్పలేదని దుకాణం వారు దాచకుండా చెప్పారు.

ఇందులో వాళ్ల చేతి తప్పు కన్నా బచ్చం గుణమే ఎక్కువ. గోధుమపిండి, మైదా ఏది వాడినా, నూనెలో బాగా నానిన పైపిండి పెనం మీద నుంచి దిగిన గంటలోపల ఉన్నంత మెత్తగా ఆ తర్వాత ఉండదు. లోపలి పూర్ణం తేమ పైపొరలోకి ఊరుతుంది, ఆవిరి మూతలోనే నిలిచి నీరవుతుంది, చల్లబడ్డాక తోలులా సాగుతుంది. తిరిగి పెనం మీద నెయ్యి వేసి వేడిచేస్తే సగం బాగుపడుతుంది, పూర్తిగా బాగుపడదు. పైగా దుకాణం బచ్చం మా మక్తల్ బచ్చానికి రెట్టింపు మందం. పలుచగా చేస్తే డబ్బాలో ఒకదానికొకటి అంటుకుంటాయన్న వాళ్ల మాట సబబే, కానీ ఆ మందంలో పూర్ణం తక్కువై పిండి ఎక్కువవుతుంది. పప్పు ఉడికించిన నీళ్లు దుకాణంలోనే పారబోస్తారు కనుక చారు కూడా ఉండదు. నా పుట్టింటి ఉగాదిలో సగం ఆ చారే. అందుకని ఆ పండుగ నుంచి బచ్చాలు ఇంట్లోనే, ఎనిమిది చేసినా పది చేసినా, మా పెనం మీదనే చేసుకుంటున్నాం.

వినాయక చవితి విషయంలో ఈ దుకాణం నాకు నచ్చిన పని ఒకటి చేసింది. కుడుములు, ఉండ్రాళ్లు ఆర్డరు తీసుకోబోమని ముందు గదిలో కాగితం అంటించింది. ఆవిరి మీద ఉడికిన బియ్యప్పిండి వంట పూజ వేళకు ఇంట్లో దిగాలి తప్ప, డబ్బాలో మోసుకు వచ్చేది కాదు. తీసుకుంటే డబ్బు వచ్చేదే. వద్దనుకోవడం వల్ల నాకు వాళ్ల మీద నమ్మకం పెరిగింది. అదే నమ్మకంతో దసరాకు మలీద ముద్దలు రాయించడం నా పొరపాటైంది.

బతుకమ్మ తొమ్మిది రోజుల నైవేద్యాల్లో చాలావరకు ఇంట్లో చిటికెలో అయ్యేవే. అటుకుల బతుకమ్మ నాడు అటుకులు, బెల్లం, నానబియ్యం బతుకమ్మ నాడు నానిన బియ్యం, పాలు, బెల్లం చాలు. ఆరో రోజు అలిగిన బతుకమ్మకు నైవేద్యమే లేదు. వెన్నముద్దలు, చివరి రోజైన సద్దుల నాటి వంటలే కాస్త పని పెట్టేవి. బతుకమ్మను 2014లో రాష్ట్ర పండుగగా ప్రకటించిన తర్వాత మా కార్యాలయాల్లో, కాలనీల్లో, బడుల్లో కలిసి ఆడుకోవడం పెరిగింది, ప్రసాదం కూడా యాభై మందికి, వంద మందికి సరిపడా పట్టుకుపోవలసి వస్తున్నది. ఆ కారణంగానే నేను సద్దుల బతుకమ్మకు నాలుగు కిలోల మలీద ముద్దలు చెప్పాను. మలీద అంటే తెలియనిదేమీ కాదు. రొట్టెలు చేసి, వేడి మీద నలిపి, బెల్లం, నెయ్యి కలిపి ముద్దలు చేస్తారు. అందులో రొట్టె తడి ఉంటుంది కనుక అది ఆ పూటకే వంట.

మధ్యాహ్నం తెచ్చుకున్న డబ్బాలు సాయంత్రం చెరువు కట్ట మీద విప్పాం. బతుకమ్మలను నీళ్లలో వదిలాం, గౌరమ్మ పసుపు ఒకరికొకరం పుస్తెలకు రాసుకున్నాం. "ఇస్తినమ్మ వాయనం, పుచ్చుకుంటినమ్మ వాయనం" అనుకుంటూ ముద్దలు చేతులు మారాయి. మా వీధిలోని ఒక చిన్నపిల్ల మొదటి ముక్క నోట్లో పెట్టుకొని వెంటనే ఉమ్మేసింది. నేను వాసన చూశాను, పులిసిన పిండి వాసన. పైనున్న ముద్దలు బాగానే ఉన్నాయి కానీ, అడుగున ఉన్నవి మధ్యలో జిగురు పట్టి, విరిస్తే దారంలా సాగాయి. అప్పటికే అమ్మవారి ముందు పెట్టాం, అప్పటికే పదిమంది కొంగుల్లోకి వాయనంగా వెళ్లిపోయింది. ఇచ్చిన వాయనాన్ని తిరిగి అడిగే సంప్రదాయం మనకు లేదు. నేను ఒక్కొక్కరి దగ్గరికి వెళ్లి తినవద్దని చెప్పుకుంటూ కట్ట మీద తిరిగాను. ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు, అయినా ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

 దసరా మరుసటి రోజు మిగిలిన డబ్బా పట్టుకొని దుకాణానికి వెళ్లాను. ఆవిడ ముద్దను విరిచి, వాసన చూసి, డబ్బా పక్కన పెట్టి నాతో అన్న మాటలు ఇవి. "తప్పు మాదే అక్కా. రాత్రే చేసి వేడి మీద మూత పెట్టిన్రు. నేను జంతికల కాడ ఉన్న, చూడలె. దేవుని దగ్గర పెట్టేది ఇట్ల కావద్దుండె." మొత్తం డబ్బు తిరిగి ఇచ్చారు. ఆ వారంలోనే మలీదను ఆర్డర్ల చీటీ నుంచి కొట్టేశారు. డబ్బు తిరిగి వచ్చినా వాయనం బాగుపడదన్న బాధ నాకు ఇప్పటికీ ఉంది, కానీ తప్పును తప్పని ఒప్పుకొని, దాని మూలాన్ని కనిపెట్టి ఆపేసిన దుకాణాన్ని వదులుకోవడం నాకు న్యాయమనిపించలేదు. వేడి వంటకు మూత పెడితే లోపలి ఆవిరి నీరై దిగుతుందని, ఆ తడికి రాత్రి ఉక్కపోత తోడైతే ఆరేడు గంటల్లో పులుస్తుందని వంట చేసే ప్రతి ఆడదానికీ తెలుసు. నాలుగు కిలోలు చేసేటప్పుడు తెలిసినది నలభై కిలోలు చేసేటప్పుడు చెయ్యి తప్పుతుంది.

శుభ్రత విషయంలో మిగతాదంతా బాగుంది. విడిగా అమ్మే మిఠాయిల పళ్లేల దగ్గర ఏ తేదీలోగా తినాలో రాసి పెట్టాలని 2020 అక్టోబరు 1 నుంచి నియమం ఉన్నా, చాలాచోట్ల ఆ చీటీ కనిపించదు. ఇక్కడ ప్రతి డబ్బా మూతకు చేసిన తేదీ, తినవలసిన తేదీ రెండూ అట్టముక్క మీద రాసి ఉంటాయి. మలీదకు మాత్రం ఆ చీటీ లేకపోవడాన్ని నేను ఆ రోజే గమనించవలసింది. నూనె ఎన్నిసార్లు వాడతారని అడిగాను. అర్సెలకు, గరిజెలకు వేసిన నూనె నల్లబడి నురగ రాగానే తీసేస్తామని, కారం వంటల నూనె తీపివంటలకు ముట్టించమని చెప్పారు. నేను చూసిన రోజున రెండు మూకుళ్లు వేరువేరుగానే ఉన్నాయి. వనస్పతి డబ్బా ఎక్కడా కనిపించలేదు. పిండి కలిపేవాళ్లు తలకు గుడ్డ కట్టుకుంటారు. నైవేద్యానికని చెప్పి రాయిస్తే, ఆ వాయిలోంచి ఎవరూ రుచి చూడకుండా, మొదటి వాయిలోంచి వేరుగా తీసి కడతారు. రుచి చూడకుండా తీపి సరిపోయిందని ఎలా తెలుస్తుందని అడిగితే, బెల్లం తూచి వేసినంక నాలుకతో పని లేదన్నారు.

కట్టడం దగ్గర ఒక ఫిర్యాదు ఉంది. అర్సెలు, గరిజెలు ఒకే ప్లాస్టిక్ డబ్బాలో పెడుతున్నారు. అర్సె నూనె గరిజె అంచుకు అంటి, మరునాటికి అది మెత్తబడుతుంది. మేము ఇంటి నుంచి స్టీలు డబ్బాలు పట్టుకుపోతున్నాం, అడిగితే వాటిలోనే తూచి ఇస్తారు, డబ్బా బరువు ముందే తీసేస్తారు. ఫోన్‌లో డబ్బు కట్టవచ్చు. బిల్లు అడిగితేనే రాస్తారు, అడగకుండానే రాయడం మొదలుపెడితే బాగుంటుంది. హైదరాబాద్‌లో ఉన్న పిల్లలకు బస్సులో పంపించే ఏర్పాటు చేస్తామన్నారు కానీ, నేను ఇంకా ఆ దారి వాడలేదు.

ఈ సంక్రాంతికి నా చీటీ నిన్ననే రాయించాను. నూనె అర్సెలు మూడు కిలోలు, దంచిన నువ్వుల ముద్దలు ఒక కిలో, నోముకు పాకంలో కట్టినవి పదమూడు, చేతి మెలికతో గరిజెలు ఒక కిలో. రాసుకుంటున్న అమ్మాయి అలవాటుగా "బచ్చాలు ఎన్నమ్మా" అని అడిగింది. వద్దని చెప్పి, వచ్చే దారిలో కిలో శనగపప్పు కొనుక్కొని వచ్చాను.